మోడలింగ్ యాంప్: ఎంత వాల్యూమ్‌లో, ఎన్నేళ్లపాటు?

ఫెండర్ కంపెనీ ట్విన్ రివర్బ్ గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) బరువు దాదాపు 29 కిలోలు. జీఎస్టీ పుణ్యమా అని 25 నుంచి 26 కిలోలకు మారిన మన బియ్యం బస్తా కంటే ఇంకో మూడు కిలోలు ఎక్కువ. బస్తానైతే భుజాన వేసుకోవచ్చు, దీన్ని పైనున్న ఒక్క పట్టీ పట్టుకుని ఎత్తాలి. 2019లో అదే కంపెనీ అదే ముఖంతో, అవే నాబ్‌లతో టోన్ మాస్టర్ ట్విన్ రివర్బ్ అని ఇంకోటి తెచ్చింది. బరువు 15 కిలోలు. పాతదాంట్లో ఉండే పది గాజు వాల్వులూ, ఇనప దిమ్మల్లాంటి ట్రాన్స్‌ఫార్మర్లూ ఇందులో లేవు. ఒక కంప్యూటర్ చిప్, ఒక డిజిటల్ పవర్ యాంప్, తేలికపాటి నియోడిమియం అయస్కాంతాలున్న రెండు స్పీకర్లు, పైన్ చెక్క డబ్బా. దశాబ్దాల తరబడి తానే తయారుచేస్తున్న యాంప్‌ను అనుకరించడానికి ఆ కంపెనీయే చిప్ పట్టుకుందంటే, ఇక ఈ రంగంలో ఎవరిది అసలు, ఎవరిది నకలు అని కొట్లాడుకోవడంలో పెద్ద పస లేదు.

కానీ కొట్లాట మాత్రం పాతికేళ్లకు పైగా సాగుతూనే ఉంది. ఇలా చిప్ లెక్కలతో పాత యాంప్‌లను అనుకరించే మోడలింగ్ యాంప్ నిజంగా వాల్వు యాంప్‌లా పలుకుతుందా లేదా అని. రికార్డింగ్ వరకు చూస్తే ఆ ప్రశ్నకు చాలామటుకు జవాబు దొరికేసింది: మంచి మోడల్‌ను పాటలో కలిపాక విడదీసి చెప్పడం అనుభవం ఉన్న చెవులకూ కష్టమే. కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడు వేరే రెండున్నాయి. ఎంత వాల్యూమ్‌లో వాయిస్తారు? ఎన్నేళ్లు వాడదామనుకుంటున్నారు?

ముందు వాల్వుల సంగతి. పాత వాల్వు రేడియో చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. గాజు బుడ్డిలో తీగ వేడెక్కుతుంది, ఎలక్ట్రాన్లు ఎదుటి లోహపు రేకు వైపు దూకుతాయి, మధ్యనున్న జాలీ మీదికి గిటార్ నుంచి వచ్చిన చిన్న వోల్టేజీ వెళ్లి ఆ ప్రవాహాన్ని అదుపుచేస్తుంది. గిటార్ యాంప్‌లో ముందు వరసలో 12ఏఎక్స్7 లాంటి చిన్న వాల్వులు, వెనక వరసలో 6ఎల్6, ఈఎల్34, ఈఎల్84 లాంటి పెద్దవి. హై-ఫై ఇంజినీర్లు దోషంగా చూసిన ఒక గుణాన్ని గిటార్‌వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. వాల్వును దాని శక్తికి మించి నెడితే ధ్వని శిఖరాలు మెల్లగా చదునవుతాయి. కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరం మీద తేలే పైస్వరాలు, పుడతాయి, స్వరం చిక్కబడుతుంది. సున్నితంగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా పలుకుతుంది. ఈ స్పందన కోసమే 29 కిలోలు మోసేది.

చిక్కల్లా నెట్టడంలోనే ఉంది. వెనక వరస వాల్వులు అలా పలకాలంటే వాల్యూమ్ పెంచాలి. 85 వాట్ల ట్విన్ అలా పలికే స్థాయికి చేరితే అపార్ట్‌మెంట్‌లో పై వాటా, కింది వాటా ఏమిటి, పక్క బ్లాకువాళ్లు కూడా కిందికి దిగివస్తారు. చిన్న వాల్వు యాంప్ కొంటే సరిపోతుందనుకోవడం కూడా భ్రమే. 12 అంగుళాల గిటార్ స్పీకర్లు చాలావరకు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా ఇస్తాయి. పవర్ పదో వంతుకు తగ్గిస్తే పోయేది పది డెసిబెల్స్, మన చెవికి అది సుమారు సగం శబ్దం. అంటే 50 వాట్లను అర వాట్‌కు, ఏకంగా వంద రెట్లు తగ్గించినా చెవికి వినపడేది నాలుగో వంతుకు పడిపోతుంది, అంతే. అయిదు వాట్ల వాల్వు యాంప్‌ను పడకగదిలో పెట్టుకున్నవాళ్లు దాన్ని ఎప్పుడూ ఒకటో అంకె దాటించలేక వాపోయేది ఇందుకే.

డిజిటల్ యాంప్ చేసిన అసలు మేలు ఇక్కడుంది. గొంతు మారే చోటునీ శబ్దం పెరిగే చోటునీ అది పూర్తిగా విడదీసింది.

ఎలా విడదీస్తుంది? గిటార్ నుంచి వచ్చే వోల్టేజీని సెకనుకు 48 వేలసార్లో, అంతకంటే ఎక్కువసార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెల మీద చిప్ లెక్కలు నడుస్తాయి: ఈ వోల్టేజీకి ఆ వాల్వు ఇలా ప్రవర్తిస్తుంది, ఆ టోన్ నాబ్ ఇక్కడుంటే ట్రెబుల్ ఇంత తగ్గుతుంది, ఆ స్పీకర్ డబ్బా ఇలా మోగుతుంది. లెక్క తేలాక అంకెలు మళ్లీ వోల్టేజీ అవుతాయి, పవర్ యాంప్ దాన్ని పెంచి స్పీకర్‌కు పంపుతుంది. గరగర అంతా లెక్కల్లోనే పుట్టింది కాబట్టి బయటికి ఎంత శబ్దం పంపాలన్నది మన ఇష్టం.

ఈ లెక్కలు కట్టే పద్ధతులు కాలంతో మారాయి. లైన్ 6 కంపెనీ 1996లో తెచ్చిన యాక్సిస్ 212, మోడలింగ్ యాంప్‌ల తొలితరంలోది. 1998లో అదే కంపెనీ చిక్కుడుగింజ ఆకారంలో, ఎర్రగా ఉండే పాడ్ అనే పెట్టెను తెచ్చాక ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్ల లోకమే మారిపోయింది. అప్పట్లో యాంప్ ధ్వనిని పైపైన పోల్చేవారు. తర్వాతి తరం సర్క్యూట్‌లోని ఒక్కో రెసిస్టర్‌ను, కెపాసిటర్‌ను లెక్కలోకి తెచ్చింది. 2011లో జర్మనీ నుంచి వచ్చిన కెంపర్ ప్రొఫైలర్ ఇంకో దారి పట్టింది: అసలు యాంప్‌లోకి కొన్ని పరీక్ష ధ్వనులు పంపి, మైక్ ద్వారా తిరిగొచ్చినదాన్ని పోల్చి దాని స్వభావం పట్టేస్తుంది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్‌లు అదే పని ఇంకా నేర్పుగా చేస్తున్నాయి. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరి యాంప్‌ను వాళ్లే ఇంట్లో కూర్చుని పట్టుకోవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇలా పట్టుకున్నది సాధారణంగా ఫొటో లాంటిది. నాబ్‌లు ఆ క్షణాన ఎక్కడున్నాయో ఆ ధ్వనే దొరుకుతుంది. తర్వాత ట్రెబుల్ తిప్పితే తిరిగేది అసలు యాంప్‌లోని ట్రెబుల్ కాదు, ఫొటో మీద పూసే రంగు.

ఇక చేతిలో పట్టుకుని చూడదగ్గ ఉదాహరణ, బాస్ కంపెనీ కటానా-50. మొదటిది 2016లో వచ్చింది, రెండో తరం 2019లో. మన దగ్గర నేర్చుకునేవాళ్లకు గురువులూ షాపులవాళ్లూ తరచూ చూపించే పెట్టె ఇది. దీంట్లో లెక్కలు కట్టేది చిప్, చివర శబ్దం పెంచేది మామూలు అనలాగ్ పవర్ యాంప్, స్పీకర్ 12 అంగుళాలు. ఈ రెండు తరాల్లోనూ ముందు పలక మీద ఎడమవైపు, శుభ్రమైనదాని నుంచి గరగర బాగా ఎక్కువైనదాని దాకా అయిదు గొంతుల నాబ్ ఉంటుంది: అకూస్టిక్, క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్. ఏ పాత యాంప్ పేరూ కనపడదు, అది తెలివైన పనే. పేరు రాస్తే పోలిక మొదలవుతుంది, రాయకపోతే వినడం మొదలవుతుంది. రెండో తరంలో బూస్టర్, మాడ్యులేషన్, డిలే, రివర్బ్ లాంటి ఎఫెక్టుల బటన్లు నొక్కితే దీపం పచ్చ, ఎరుపు, పసుపు రంగుల్లోకి మారుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో ఎఫెక్టు. అసలు ముఖ్యమైన నాబ్ కుడివైపు చివర, చాలామంది పట్టించుకోని చోట ఉంటుంది. అర వాట్, 25 వాట్లు, 50 వాట్లు. దాన్ని అర వాట్ మీద పెట్టి మాస్టర్ వాల్యూమ్ తగ్గిస్తే రాత్రి పదింటికి కూడా బ్రౌన్ గొంతుతో సాధన చేయొచ్చు, ఇంట్లో టీవీ చూసేవాళ్లు సౌండ్ పెంచుకోనక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆమాత్రం శబ్దమూ బయటికి రాదు. యూఎస్‌బీ తీగ కలిపితే నేరుగా కంప్యూటర్‌లోకి రికార్డు అవుతుంది, మైక్ అక్కర్లేదు, గది ప్రతిధ్వనితో పేచీ లేదు.

హెడ్‌ఫోన్స్ దగ్గర మోడలింగ్ చేసే ఇంకో పని చాలామందికి తెలియదు. గిటార్ స్పీకర్ ఒక వడపోత. సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక దాని ధ్వని గభాలున పడిపోతుంది. డిస్టార్షన్‌ను, అంటే ఆ గరగరను, ఆ వడపోత లేకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి పంపితే కందిరీగల తుట్టెను చెవికి కట్టుకున్నట్టే. అందుకే స్పీకర్ డబ్బా, దాని ముందున్న మైక్ ఎలా స్పందిస్తాయో కొలిచి పెట్టుకున్న ఇంపల్స్ రెస్పాన్స్‌ను చివర్లో కలుపుతారు. స్టేజీ మీదా ఇదే దారి. అన్ని వాద్యాల ధ్వనినీ కలిపే సౌండ్ మిక్సర్‌కు తీగ కలిపితే చాలు, స్పీకర్ ముందు మైక్ ఎక్కడ పెట్టాలా అని సౌండ్ ఇంజినీర్‌తో చర్చ ఉండదు. చర్చిల్లాంటి చోట్ల గిటార్‌ను తిన్నగా మిక్సర్‌కే కలిపేసేవాళ్లకు ఈ సదుపాయం బాగా పనికొస్తుంది. అయితే కటానా-50లో ఒక మెలిక ఉంది. మిక్సర్‌కు పోయే తీగ పెట్టే రికార్డింగ్ జాక్‌లోకి తీగ దూర్చగానే సొంత స్పీకర్ మూగబోతుంది. మానిటర్ స్పీకర్ ఇవ్వకపోతే వాయించేవాడికి తన వాద్యం తనకే వినపడదు. కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఇది, మొదటి ప్రోగ్రాం రోజున తెలిసే జవాబు.

ఇప్పుడు లోపాలు. అన్నింట్లోకి ఎక్కువమందిని ముంచేది డిజిటల్‌కు సంబంధించినదే కాదు, చెవికి సంబంధించినది. తక్కువ శబ్దంలో మన చెవికి లోతు స్వరాలూ పైస్వరాలూ సరిగా అందవు. శబ్దం పెరిగే కొద్దీ అవి ముందుకొస్తాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు కొలిచి చూపించిన సంగతే ఇది. ఇంట్లో రాత్రిపూట అర వాట్ మీద ప్రీసెట్ (దాచిపెట్టుకునే నాబ్‌ల, ఎఫెక్టుల అమరిక) తయారుచేసుకునేవాడికి ధ్వని పల్చగా తోస్తుంది. బేస్ పెంచుతాడు, ట్రెబుల్ పెంచుతాడు, మధ్యస్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయని తగ్గిస్తాడు. గదిలో అద్భుతం. అదే ప్రీసెట్‌తో స్టేజీ ఎక్కితే బేస్ గిటార్, డ్రమ్ముల కింద లోతంతా బురదైపోతుంది, ట్రెబుల్ డ్రమ్ముల పక్కనుండే సింబల్స్ మోతలో కలిసిపోతుంది, గిటార్ ఉండాల్సిన మధ్యచోటు ఖాళీ. "డిజిటల్ యాంప్ స్టేజీ మీద మాయమైపోతుంది" అనే నిందలో సగం పాపం ఈ పడకగది ప్రీసెట్‌లదే. వాల్వు యాంప్‌వాళ్లకు ఈ సమస్య తక్కువ. కారణం వాల్వుల గొప్పతనం కాదు, వాళ్లు మెల్లగా వాయించే అవకాశమే లేకపోవడం!

నిందలో మిగతా సగం నిజమే. దాని మూలం చిప్‌లో కంటే స్పీకర్ దగ్గరుంది. స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది గానీ అది అన్ని స్వరాలకూ అంతే ఉండదు. ఎక్కువ గిటార్ స్పీకర్లలో 75, 100 హెర్ట్జ్ పరిసరాల్లో, అది సహజంగా ఊగే చోట, నిరోధం ఎన్నో రెట్లు పైకి లేస్తుంది. పైస్వరాల వైపు మళ్లీ మెల్లగా పెరుగుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ దీన్ని లెక్కచేయదు, అన్ని స్వరాలకూ ఒకే వోల్టేజీ ఇస్తుంది. వాల్వు యాంప్ అవుట్‌పుట్ నిరోధం ఎక్కువ కాబట్టి నిరోధం లేచిన చోటల్లా వోల్టేజీ కూడా లేస్తుంది. స్పీకర్ ఎక్కడ ఊగాలనుకుంటే అక్కడ ఊగనిస్తుందన్నమాట. అన్నింట్లోకి లావైన E తీగను అరచేత్తో అదిమి మీటితే గుండెల్లో దబ్‌మని తగిలే ఆ దెబ్బ అక్కడి నుంచి వచ్చేదే. ట్రాన్సిస్టర్ యాంప్‌లోనూ కరెంట్ ఫీడ్‌బ్యాక్ అనే ఉపాయంతో దీన్ని చాలావరకు సాధించొచ్చు, కొన్ని కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. డబ్బు మిగుల్చుకోవాలనుకున్న కంపెనీలు మాత్రం ఎనిమిది అంగుళాల స్పీకర్‌ను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, తెర మీద వంద యాంప్‌ల పేర్లు చూపిస్తాయి. వంద గొంతులూ ఆ ఒక్క ఛాతీలోంచే రావాలి. మోడల్ ఎంత కచ్చితమైనా చివరికి గాలిని కదిలించేది స్పీకరే.

ఆలస్యం గురించి మాత్రం అనవసర భయం ఎక్కువ. అంకెలుగా మార్చి, లెక్కగట్టి, తిరిగి ధ్వని చేయడానికి యాంప్‌కు కొద్ది మిల్లీసెకన్లు పడుతుంది. ధ్వని గాలిలో ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే పోతుంది. వాల్వు యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాడు దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటున్నాడు, ఏనాడూ ఫిర్యాదు చేయలేదు. వైర్‌లెస్ పరికరం, కంప్యూటర్, డిజిటల్ మిక్సర్ అన్నీ వరసగా కలిపి, చివర చెవిలో ఇయర్‌ఫోన్‌తో వింటే మాత్రం కొంచెం కొంచెంగా పోగుపడి చేతికి తెలుస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో సాధన చేద్దామనుకునేవాళ్లు ఆ ఆశ మానుకోవడం మేలు.

దీనికంటే పట్టించుకోవాల్సింది అలియాసింగ్. డిస్టార్షన్ కొత్త హార్మోనిక్స్‌ను పుట్టిస్తుందని అనుకున్నాం కదా. సెకనుకు 48 వేలసార్లు కొలిచే పద్ధతిలో 24 వేల హెర్ట్జ్ దాకానే చోటుంది. అంతకంటే పైన పుట్టినవి గోడకు కొట్టిన బంతిలా కిందికి మడతపడి వస్తాయి. వాటికి మనం మీటిన స్వరంతో ఏ సంబంధమూ ఉండదు, అపశ్రుతులే. తీగను పక్కకు లాగి బెండ్ చేస్తూ స్వరం పైకి పోతుంటే వెనక సన్నగా ఒక ఈల కిందికి దిగుతున్నట్టు వినపడితే అది ఇదే. లోపల లెక్కలను ఇంకా ఎక్కువ రేటులో నడిపితే ఇది చాలావరకు పోతుంది. దానికి బలమైన చిప్ కావాలి, చవక యాంప్‌లో అదే తక్కువ.

మన సంగీతం వాయించేవాళ్లకు మరో ఇబ్బంది ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీ ప్రీసెట్‌లు ఎక్కువగా రాక్, మెటల్ చేతుల కోసం తయారైనవి. హమ్ వినపడకుండా నాయిస్ గేట్ పెట్టి ఉంచుతారు. ధ్వని ఒక స్థాయి కంటే కిందికి పోగానే తలుపు మూసేస్తుంది. గమకం ప్రాణం ఉండేది సరిగ్గా అక్కడే, మీటు చల్లారుతున్నప్పుడు సాగే ఆ తోకలో. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కర్ణాటక కచేరీ వాద్యంగా నిలబెట్టడంలో, ఆ చిన్న తీగల నాదాన్ని సాగదీసి నిలిపిన యాంప్లిఫికేషన్‌దీ ఒక చెయ్యి ఉంది. గిటార్ మీద కల్యాణి రాగమో తోడి రాగమో పలికించాలనుకునేవాడు మోడలింగ్ యాంప్ కొన్నాక మొదట చేయాల్సిన పని గేట్ ఆపేయడం. కొన్ని మోడళ్లలో ఆ స్విచ్ ముందు పలక మీద ఉండదు, సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కోవాలి. అదొక్కటీ సర్దుకుంటే క్లీన్ గొంతు, కొంచెం కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గులను సర్దేది), కొంచెం రివర్బ్‌తో వాల్వు యాంప్ కంటే ఇదే సుఖం.

ఇక రెండో ప్రశ్న, ఎన్నేళ్లు? ఇక్కడ వాల్వు యాంప్ ధీమాగా నవ్వుతుంది. వాల్వు పోతే వాల్వు మార్చొచ్చు. సర్క్యూట్ చేత్తో ముట్టుకునేంత పెద్దది, పాత రేడియో మెకానిక్‌కైనా అంతుపడుతుంది. అయితే లోపల 400 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది, తెలియనివాళ్లు చెయ్యి పెట్టకూడదు. పవర్ వాల్వులు బాగా వాడితే కొన్నేళ్లకోసారి మార్చాలి. వాటిని చేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల్లోనే కాస్త పెద్దవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా సరకు చిక్కుల్లో పడి వాల్వుల కొరత ఏర్పడింది. అంటే నవ్వు కూడా పూర్తి ధీమాది కాదు.

మోడలింగ్ యాంప్ ఆయుష్షు రెండు చోట్ల తెగొచ్చు. ఒకటి బోర్డు. చీమ తలంత భాగాలు, కంపెనీ చిప్, బయట దొరకని సర్క్యూట్ పటం. వారంటీ దాటాక బోర్డు పోతే బోర్డే మార్చాలి, ఆ బోర్డు తయారీ ఆగిపోతే యాంప్ అలంకారమే. రెండోది సాఫ్ట్‌వేర్, ఇదింకా మోసకారిది, ఎందుకంటే యాంప్ బాగానే ఉంటుంది. ఫెండర్ తొలితరం మస్టాంగ్ యాంప్‌లలోని ఎన్నో సెట్టింగులు మార్చాలంటే ఫ్యూజ్ అనే ప్రోగ్రాం కావాలి. అది మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్ మీద నడిచేది. 2021 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్‌కు మద్దతు ఆపేసింది. స్పీకర్ పాడవలేదు, చిప్ కాలలేదు, కానీ యాంప్ లోపలి గదులకు తాళంచెవి పాత కంప్యూటర్లో ఉండిపోయింది. ఫోన్ యాప్ లేకపోతే సగం పనులు చేయని యాంప్‌లకు రేపు ఇదే గతి పట్టదని హామీ ఏమీ లేదు. ఈ కోణంలో చూస్తే టోన్ మాస్టర్ తెలివైనది. దాంట్లో ఉన్నది ఒకే యాంప్, ముందు పలక మీదున్న నాబ్‌లే దాని సర్వస్వం, వెనక 85 వాట్ల నుంచి ఒక వాట్ దాకా ఆరు మెట్ల స్విచ్. ఏ యాప్ చచ్చినా అది పలుకుతూనే ఉంటుంది. కటానా మధ్యరకం. నాబ్‌లతో కావాల్సినంత పని జరుగుతుంది, కంప్యూటర్ కలిపితే ఇంకా లోతుకు పోవచ్చు.

అమెరికా నుంచి అన్నయ్యో బావో సూట్‌కేసులో పెట్టుకొచ్చే యాంప్‌ల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అడాప్టర్‌తో నడిచే చిన్న మోడలింగ్ యాంప్‌లు చాలావరకు రెండింటికీ సరిపోతాయి. లోపలే పవర్ సప్లై ఉన్న పెద్దవాటికి అలా అనుకోవడానికి వీల్లేదు, వెనక పలక మీద అచ్చేసిన అంకె చదవాలి. 120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టకూడదు. పెడితే ఎన్నేళ్లు అనే ప్రశ్నే ఉండదు.

షాపులో చూసేటప్పుడు అక్కడి కుర్రాడు మొదట వినిపించేది డిలే, రివర్బ్ దట్టంగా పూసిన ప్రీసెట్. అవన్నీ ఆపించాలి. ఒక్క క్రంచ్ గొంతు పెట్టి, గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను పది నుంచి నాలుగుకు తగ్గించి, అదే మీటు మీటాలి. గరగర మెల్లగా కరిగి శుభ్రమవుతోందా, లేక శబ్దం మాత్రమే తగ్గిందా? తర్వాత లావైన ఆ E తీగను ఒక్కసారి మీటి వదిలేసి పూర్తిగా ఆగేదాకా వినాలి, చివర్లో గుటుక్కున తెగిపోతోందేమో, గరగర చీలికలు పేలికలవుతోందేమో. ఆపైన మాస్టర్ వాల్యూమ్‌ను సగం దాటించి ఇవే రెండు మళ్లీ చేయాలి. సగం దాటించడానికి షాపువాళ్లు ఒప్పుకోకపోతే, పక్కన బేరం నడుస్తోందంటే, వాళ్లకు తీరికుండే మధ్యాహ్నం రెండింటికి మళ్లీ రావొచ్చు.